మిలటరీ ఇంటెలిజెన్స్ నుంచి డిజిటల్ ఫోరెన్సిక్స్‌లోకి: ఒక తమ్ముడి ప్రశ్నకి జవాబు

తమ్ముడూ అంటున్నాను, ఏమీ అనుకోకండి. మీకు 35 ఏళ్లని రాశారు, నాకు యాభై నిండాయి. మీరు అడిగింది ఇదీ: ఊరు తాడేపల్లిగూడెం దగ్గర, ఆర్మీలో ఇంటెలిజెన్స్ కోర్ హవల్దారు, వచ్చే ఏడాది పెన్షన్ మీద వచ్చేస్తున్నారు, డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో, అంటే ఫోన్లు, కంప్యూటర్ల నుంచి కోర్టుకి పనికొచ్చే సాక్ష్యం తీసే పనిలో, స్థిరపడాలని ఉంది. ఈ వయసులో మొదలుపెట్టొచ్చా, ఇంటెలిజెన్స్ అనుభవం లెక్కలోకి వస్తుందా, ఏ కోర్సు చేయాలి, హైదరాబాద్ వెళ్లకుండా ఇంటి దగ్గరే ఉండి ఈ పని చేసుకోవచ్చా.

నాది అమలాపురం పక్క పల్లె. 17 ఏళ్లు చేసి 2011లో హవల్దారుగానే బయటికొచ్చాను. ఆరేళ్లు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పని చేశాను. మొదటి జీతం నెలకి 14 వేలు. "ఇంత సర్వీసు చేసి ఇదేంట్రా" అని మా ఊళ్లో అనని వాళ్లు లేరు. ఇప్పుడు రావులపాలెంలో మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, తాళం పడే ఇనప బీరువా. రాజమండ్రి, భీమవరం, కాకినాడ లాయర్లు, కొన్ని కంపెనీలవాళ్లు పని పంపుతుంటారు. మీది మిలటరీ మాధవరమో, ఆ పక్క ఊరో తెలీదు. ఆ చుట్టుపక్కల ఇంటికో సైనికుడు ఉంటాడు కాబట్టి పెన్షన్ వచ్చినవాళ్లు ఏం చేస్తారో మీరు చూసే ఉంటారు. బ్యాంకు దగ్గర సెక్యూరిటీ, లేకపోతే సొంత చేను. మీరు ఇంకో దారి అడిగారు కాబట్టే ఇంత రాస్తున్నాను.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా మూడూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అనుభవం పనికొస్తుంది. కాకపోతే మీరు గొప్పగా చెప్పుకుందామనుకుంటున్న భాగం కాదు. "సమాచారం రాబట్టడం, విశ్లేషించడం, అంచనా వేయడం" అని రాశారు. రాబట్టడం ఇక్కడ చట్టం గీసిన గీత లోపలే. అంచనా అయితే, అసలు ఆ మాట రిపోర్టులో కనిపించడమే తప్పు.

ఆర్మీ ఇంటెలిజెన్స్‌లో ఒక కబురు వస్తే ఏం చేస్తాం? తెచ్చినవాడు ఎంత నమ్మదగినవాడో ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం, కబురు ఎంత నిజమనిపిస్తోందో 1 నుంచి 6 దాకా ఒక అంకె వేస్తాం. ఏ, 1 అన్నిటికన్నా మేలు. బి2 అని పడితే పైవాళ్లు దాన్ని బట్టి కదులుతారు. రేపు పూర్తిగా తెలియడం కన్నా ఇవాళ ముప్పాతిక తెలియడం నయం. ఎక్కణ్ణుంచి తెలిసిందో మాత్రం ప్రాణం పోయినా చెప్పం. కోర్టులో ఇదంతా తిరగబడుతుంది. ఫోను ఎవరు తెచ్చారు, ఎన్ని గంటలకి తెచ్చారు, ఏ కవర్లో పెట్టారు, సీలు ఎవరు విప్పారు, ఏ సాఫ్ట్‌వేరు, దాని ఏ వెర్షన్, అన్నీ అవతలి లాయరు చేతిలో పెట్టాలి. అతను ఇంకో నిపుణుణ్ణి తెచ్చుకుంటే, ఆయన మన దారినే వచ్చి మనం చేరిన చోటికే చేరాలి. "ఇది మీకెలా తెలిసింది?" అంటే జవాబు లేని వాక్యం రిపోర్టులో ఒక్కటి దొరికిందా, మిగతా నలభై పేజీలనీ దాంతోపాటే తోసేస్తారు. సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఈ అలవాటు రావడానికి రెండేళ్లు పట్టింది.

అప్పటికీ పూర్తిగా రాలేదని 2019లో తెలిసొచ్చింది. భీమవరం వైపు ఒక రొయ్యల రైతుకీ కొనుగోలుదారుకీ రేటు దగ్గర గొడవ. పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టడానికి, ముందురోజు సాయంత్రం ఒక రేటు మాట్లాడుకున్నారు. తెల్లవారుజామున మూడింటికి కొనుగోలుదారు ఫోన్ చేసి మార్కెట్ పడిపోయింది, రేటు తగ్గిస్తానన్నాడు. రైతు అయితే పట్టుబడే వద్దన్నాడు. కాసేపటికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది: పాత రేటే, వలలు దింపించండి అని. లోడు వెళ్లిపోయాక డబ్బు మాత్రం తగ్గించిన రేటుకే వేశాడు. రైతు కోర్టుకెళ్లాడు.

రైతు ఫోన్లో ఆ మెసేజ్ లేదు. సాక్ష్యం వెతుకుతానని మేనల్లుడు ఆ సాయంత్రమే వాట్సాప్ తీసేసి మళ్లీ ఎక్కించాడట. ఆండ్రాయిడ్ ఫోన్లో వాట్సాప్ రోజూ రాత్రి రెండింటికి ఫోన్లోనే బ్యాకప్ చేసుకుంటుంది. మళ్లీ ఎక్కిస్తే ఆ రెండింటి దాకా ఉన్నదే తిరిగొస్తుంది. మనకి కావలసిన మెసేజ్ రెండు దాటాక వచ్చింది. పోయింది. అదృష్టం బాగుండి అది ముగ్గురున్న గ్రూపులో పడింది. రైతు అల్లుడి ఫోన్లో దొరికింది. ఆ ఫోన్ పద్ధతిగా తీసుకుని, కాపీ చేసి, వాట్సాప్ మెసేజ్‌లు దాచుకునే డేటాబేస్ తెరిచి రిపోర్టు రాశాను. మెసేజ్ వచ్చిన సమయం ముందురోజు రాత్రి 11:10 అని రాశాను.

లాయరుగారి ఆఫీసులో ఆ రిపోర్టు చదువుతుంటే అల్లుడు అన్నాడు: "అదేంటండీ, ఆ మెసేజ్ విన్నప్పుడు నేను చెరువు గట్టు మీద ఉన్నాను. తెల్లారబోతోంది." నాకు ఒళ్లు చల్లబడింది. వాట్సాప్ డేటాబేస్‌లో సమయం మన గడియారంలా ఉండదు. 1970 జనవరి 1 నుంచి గడిచిన మిల్లీసెకన్లు, పదమూడు అంకెల సంఖ్య. దాన్ని మారిస్తే వచ్చేది గ్రీనిచ్ వైపు సమయం. మన సమయానికి ఐదున్నర గంటలు కలపాలి. నేను కలపలేదు. కలిపితే తెల్లవారుజాము 4:40, తారీఖు కూడా మర్నాటిది. మూడింటి ఫోన్ తర్వాత వచ్చిన మెసేజ్ కాస్తా నా రిపోర్టులో దానికి ముందే వచ్చినట్టు పడింది. రైతు కేసంతా ఆ ఐదున్నర గంటల మీదే నిలబడి ఉంది. సర్వీసులో ఆ గ్రీనిచ్ సమయాన్నే జులూ టైం అని ఎన్నిసార్లు రాసుంటానో లెక్కలేదు, అయినా తప్పాను.

అప్పటికే ఆ రిపోర్టు దాఖలైపోయింది. సవరించిన రిపోర్టు వేశాం. బోనులో అవతలి లాయరు నలభై నిమిషాలు ఒకే ప్రశ్న తిప్పితిప్పి అడిగాడు: మొదటిది తప్పయితే రెండోది ఒప్పని ఎలా నమ్మాలి? లెక్క కాగితం మీద చేసి చూపించాను. అప్పటి నుంచి ప్రతి రిపోర్టులోనూ మొదటి పేజీలోనే ఏ సమయ మండలం వాడానో రాస్తాను. ఒక సంఖ్యనైనా సాఫ్ట్‌వేర్ని నమ్మకుండా చేత్తో లెక్క వేసి చూస్తాను.

మరి మీ సర్వీసులో ఇక్కడ అక్కరకొచ్చేది ఏమిటి? డైరీ. ఎన్ని గంటలకి ఏం జరిగిందో అప్పటికప్పుడు రాసే అలవాటు, తర్వాత జ్ఞాపకం మీద రాయకపోవడం. ఇరవై ఏళ్ల బీటెక్ కుర్రాళ్లకి ఇది నేర్పేసరికి ల్యాబ్ వాళ్ల తల ప్రాణం తోకకొస్తుంది. నాలుగు చోట్ల నుంచి వచ్చిన ముక్కల్ని ఒకే కాలక్రమంలో పేర్చడం మీకు వచ్చు, ఈ పనిలో సగం అదే. పన్నెండు వేల కాల్ రికార్డులు విసుగు లేకుండా చూడగలరు. అవసరం లేనివాడికి ఒక్క ముక్క చెప్పరు. బయట నోరు జారి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లని చూశాను కాబట్టి ఈ చివరిది చిన్న విషయం కాదు.

వయసు సంగతి రెండు మాటల్లో తేల్చేస్తాను. కోడింగ్ ఉద్యోగానికి 35 అడ్డమేమో గానీ, ఇక్కడ కాదు. బోనులో నిలబడి తొణక్కుండా మాట్లాడేవాడికి వయసు కలిసొస్తుంది. పెన్షన్ వస్తుంది కాబట్టి మొదటి రెండేళ్లు తక్కువ జీతానికైనా నేర్చుకోగలరు. ఆ వీలు కుర్రాళ్లకి లేదు.

ఇక నేర్చుకోవడం. చాలామంది ఖరీదైన సాఫ్ట్‌వేర్ పేర్లు తెలిస్తే పని వచ్చినట్టే అనుకుంటారు. సెలబ్రైట్, ఎన్‌కేస్, యాక్సియమ్ లాంటివి లక్షల్లో ఉంటాయి, కొనుక్కోవడం మనవల్ల కాదు, మొదట్లో అక్కర్లేదు కూడా. ఎఫ్‌టీకే ఇమేజర్, ఆటాప్సీ ఉచితం. వాటితో ఒక పెన్‌డ్రైవ్ తీసుకుని మొదలుపెట్టండి. దానికి ఇమేజ్ తీయండి, అంటే ఫైళ్లు కాపీ చేయడం కాదు, ఖాళీగా కనిపించే చోటుతో సహా మొదటి బిట్ నుంచి చివరి బిట్ దాకా నకలు. తీసేటప్పుడు అసలు దాని మీద ఒక్క అక్షరం కూడా రాయబడకుండా మధ్యలో రైట్ బ్లాకర్ పెట్టాలి. తర్వాత హాష్, అంటే లోపల ఉన్నదాన్నంతా లెక్కగట్టి తీసే వేలిముద్ర లాంటి సంకేతం. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో అయితే 64 అక్షరాలు వస్తాయి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఒక టెక్స్ట్ ఫైల్లో ఒక చుక్క తీసేసి మళ్లీ హాష్ వేసి చూడండి, 64 అక్షరాలూ గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. నకలుకీ అసలుకీ హాష్ కలిసిందంటే, మన చేతిలో ఏమీ మారలేదని అర్థం. సీలు వేసిన ఉత్తరం లాంటిది, కాకపోతే ఈ సీలుని ఎవరైనా తమ ఇంట్లో కూర్చుని సరిచూసుకోవచ్చు.

తర్వాత విండోస్. అది తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో యూఎస్‌బీస్టోర్ అనే చోట ఆ కంప్యూటర్‌కి ఏ పెన్‌డ్రైవ్ పెట్టారో దాని సీరియల్ నంబరుతో ఉంటుంది. ఉద్యోగం మానేస్తూ కంపెనీ ఫైళ్లు పట్టుకెళ్లినవాడి కేసులు సగం అక్కడే తేలతాయి. ఆ తర్వాత ఫోన్లు, అంటే ఎక్కువగా యాప్‌లు తమ సమాచారం దాచుకునే ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లు. డేటాబేస్ పక్కనే వాల్ అనే ఫైలు ఒకటి ఉంటుంది, ఇంకా అసలు దాంట్లోకి చేరని తాజా మార్పులు అందులో ఉంటాయి. తెలియనివాళ్లు పెద్ద ఫైలు ఒక్కటే కాపీ చేసుకుని ఇది వదిలేస్తారు. చెరిపేసినదంతా తిరిగి తెస్తామని ఎవరికీ మాట ఇవ్వకండి. పాత హార్డ్‌డిస్కులో దొరికేది, ఇప్పటి ఎస్‌ఎస్‌డీలో, చెరిపిన చోటుని డిస్కే ఖాళీ చేసేసుకునే ట్రిమ్ అనే పద్ధతి వల్ల నిమిషాల్లో పోవచ్చు.

ఫోను చేతికొచ్చినప్పుడు అది వెలుగుతూ ఉంటే ఆపకండి. ఆన్ చేశాక ఒక్కసారైనా లాక్ తీసిన ఫోనుకీ, ఇప్పుడే ఆన్ చేసి ఇంకా లాక్ తీయని ఫోనుకీ హస్తిమశకాంతరం. రెండోదాంట్లో చాలా భాగం తాళం పడే ఉంటుంది. ఐఫోన్ అయితే ఐఓఎస్ 18.1 నుంచి మూడు రోజులు ఎవరూ లాక్ తీయకపోతే తనంతట తానే రీస్టార్ట్ అయి ఆ రెండో స్థితిలోకి వెళ్లిపోతుంది. ఫోనుకి సిగ్నల్ అందకుండా ఆపే ఫారడే సంచీ లేకపోతే వంటింటి అల్యూమినియం ఫాయిల్ నాలుగు పొరలు చుట్టి, ఆ నంబరుకి ఫోన్ చేసి చూడండి. మోగితే ఇంకో పొర.

సాధనకి ఉత్తుత్తి కేసులు కావాలి కదా. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ ఉచితంగా పెట్టిన పరీక్షా ఇమేజ్‌లు ఉన్నాయి. వాటిలో హ్యాకింగ్ కేస్ అనే పాత డెల్ ల్యాప్‌టాప్ ఇమేజ్ మీద ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఎంతోమంది చేతులు కాల్చుకుని నేర్చుకున్నారు. డిజిటల్ కార్పొరా అనే ఉచిత సైట్లో ఎం57 అనే కంపెనీ కథ ఉంటుంది, అందులో ఎన్నో కంప్యూటర్లు, అదే పెద్ద పని.

చట్టం చదవకుండా ఈ పనిలోకి రాకండి. 2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది. ఫోన్, కంప్యూటర్ సాక్ష్యాన్ని కోర్టు ఎలా ఒప్పుకోవాలో చెప్పే పాత 65బి ఇప్పుడు సెక్షన్ 63. ఆ సాక్ష్యంతో పాటు ఇచ్చే సర్టిఫికెట్ రెండు భాగాలు: పార్ట్ ఏ సాక్ష్యం ఇచ్చే మనిషి నింపాలి, పార్ట్ బి నిపుణుడు నింపాలి, హాష్ విలువ కూడా అందులో రాయాలి. ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అసలు ఫోన్నే కోర్టులో పెట్టి దాని యజమాని సాక్ష్యం చెబితే అక్కర్లేదు. మా రొయ్యల కేసులో అల్లుడి ఫోను కోర్టులోనే పెట్టడం మంచిదైంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 176 ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లాలి. దీన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకి ఐదేళ్ల గడువు ఇచ్చారు. అంటే మనుషులు కావాలి. పార్ట్ బిలో సంతకం పెట్టే ఆ నిపుణుడు ఎవరన్న దాని మీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి కాబట్టి, చదువు, శిక్షణ, చేసిన పని, మూడూ కాగితం మీద చూపించగలగాలి.

కోర్సులంటారా. డిశ్చార్జికి ముందే, రిటైరయ్యే సైనికులకి కొత్త దారి చూపించే డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ కోర్సులకి దరఖాస్తు పెట్టండి. ఐటీ, సైబర్ వైపు ఏవి ఉన్నాయో మీ యూనిట్ క్లర్కు దగ్గర ఆ ఏడాది పుస్తకం చూడండి, వాయిదా వేస్తే సీట్లు పోతాయి. ఆర్మీ ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ కొన్ని ఉద్యోగాలకి సమానార్హత ఇస్తుంది గానీ ఎమ్మెస్సీ సీటుకి అది డిగ్రీ అవుతుందనుకోవద్దు. మీకు అసలు డిగ్రీ లేకపోతే ముందు దాన్ని పూర్తి చేయండి. గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ సీడాక్ కోర్సులున్నాయి. ప్రభుత్వ ల్యాబుల్లో సైంటిఫిక్ పోస్టులకి సైన్సు చదువు అడుగుతారు కాబట్టి నోటిఫికేషన్‌లో అర్హత లైను చదివాకే ఆశ పెట్టుకోండి. ఫోరెన్సిక్స్‌లో పరీక్ష రాసి తెచ్చుకునే సీహెచ్‌ఎఫ్‌ఐ సర్టిఫికెట్ హెచ్చార్ వాళ్ల జల్లెడ దాటడానికి పనికొస్తుంది, పని నేర్పదు. అమెరికా శిక్షణ సంస్థ సాన్స్ కోర్సులు నిజంగా గొప్పవి, ఒక్కోటి ఏడు లక్షల పైమాటే. పెన్షన్‌లో కొంత భాగానికి ముందే ఒకేసారి వచ్చే కమ్యుటేషన్ డబ్బు తీసుకెళ్లి అందులో పోయకండి, కంపెనీ కట్టిస్తే చేయండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. బయోడేటాలో యూనిట్ పేరు, ఆపరేషన్, ఏ ప్రాంతం, ఏ పరికరం, ఏదీ రాయకండి. అధికార రహస్యాల చట్టం 1923 నాటిదే అయినా పెన్షన్‌తో పాటు వదిలిపోదు. "సమాచార సేకరణ, కాలక్రమ విశ్లేషణ, రిపోర్టులు, 15 ఏళ్లు" అని రాస్తే చాలు. అర్థమయ్యేవాడికి అర్థమవుతుంది. లింక్డిన్‌లో ప్రొఫైల్ పెట్టిన నెలలోపే ఏదో విదేశీ కన్సల్టెన్సీ నుంచి, సరిహద్దు పరిస్థితి మీద నాలుగు పేజీలు రాసివ్వండి, డాలర్లలో ఇస్తాం అని మెసేజ్ రావచ్చు. జవాబు ఇవ్వకండి, రికార్డు చేసి పైకి తెలియజేయండి. 2019 డిసెంబరులో విశాఖలో నేవీ కుర్రాళ్లు పాకిస్తాన్‌కి సమాచారం చేరవేశారన్న కేసులో ఎలా దొరికిపోయారో గుర్తుందిగా. ఫేస్‌బుక్‌లో ఆడపిల్ల పేరుతో మొదలైన స్నేహం అది.

చివరి ప్రశ్న, ఇంటి దగ్గరే ఉండొచ్చా అన్నది. మొదటి మూడు, నాలుగేళ్లు ఉండలేరు. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో పది మంది మధ్య, మీ రిపోర్టు చదివి చెంప వాయించే సీనియర్ దగ్గర పని చేయాలి. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలన్న నిబంధన 2022లో వచ్చాక కంపెనీలకి ఈ మనుషుల అవసరం పెరిగింది, ఆ ఉద్యోగాలన్నీ ఊళ్లలో కాదు, సిటీలోనే. తర్వాత కావాలంటే వెనక్కి రండి. డెల్టాలో పని ఉంది. రొయ్యల లావాదేవీలు, చిట్ ఫండ్ తగాదాలు, రైస్‌మిల్లు లెక్కలు, విడాకుల కేసులు, ఇప్పుడు డిజిటల్ అరెస్ట్ మోసాలు. ఏదీ నెలనెలా జీతంలా రాదు. పెన్షన్ ఉంది కాబట్టి నా బండి నడుస్తోంది.

ఇక్కడ ఇంకో తలనొప్పి ఉంది. మిలటరీ ఇంటెలిజెన్స్‌లో చేశాడంటే ఎవరి ఫోనైనా తెరిచేస్తాడని మన వైపు జనం నమ్మకం. మా కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు ఎక్కువ కదా, మస్కట్ నుంచో కువైట్ నుంచో ఫోన్లు వస్తుంటాయి: "అన్నయ్యగారూ, మా ఇంటావిడ ఫోన్లో ఏముందో చూసి పెట్టండి, డబ్బు ఎంతైనా సరే." ఆవిడ అనుమతి లేకుండా తెరిస్తే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మనమే మూడేళ్లు లోపలికి పోవచ్చు. నేను ఒకటే చెప్తాను, లాయరుగారి ఉత్తరం గానీ కోర్టు ఆర్డరు గానీ తెండి అని. నూటికి తొంభై మంది మళ్లీ ఫోన్ చేయరు. చుట్టాలైతే కోపం పెట్టుకుంటారు. పెట్టుకోనివ్వండి.

సామాను విషయంలో మొదట యూపీఎస్ కొనండి, తర్వాతే కంప్యూటర్. ఒక టెరాబైట్ డిస్కు ఇమేజ్ తీయడానికి మూడు గంటలు, సరిచూడ్డానికి ఇంకో రెండు మూడు. మే నెలలో కరెంటు మధ్యలో పోయి మొత్తం మళ్లీ మొదలుపెట్టిన రాత్రులు నాకు చాలా ఉన్నాయి.

మీకు ఇంకా ఏడాది టైముంది. సెలవులో ఇంటికొచ్చినప్పుడు ఆ నిస్ట్ హ్యాకింగ్ కేసు పూర్తి చేసి, పది పేజీల రిపోర్టు తెలుగులోనే రాయండి. మీ ఆవిడ టీచరని రాశారుగా, ఆవిడకివ్వండి చదవమని. కంప్యూటర్ తెలియకపోవడమే మంచిది. చదువుతూ ఎక్కడ ఆగి "ఇది నీకెలా తెలిసింది?" అంటారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టించండి. నా మొదటి రిపోర్టుకి మా ఆవిడ ముప్పై ఒక్క గీతలు పెట్టింది. మీవెన్నో లెక్కపెట్టి నాకు రాయండి, తర్వాత ఏం చదవాలో దాన్ని బట్టి చెప్తాను.